లెక్కలు వదలుటకు ముందు

(రేడియో ప్రసంగ పాఠము)



పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాటినుండి మా కేంద్రానికి ఒక తరహా ఉత్తరాలు రావడం ఆరంభమవుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట తపాలా ముద్రలు వాటిమీద ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే కనిపిస్తవి. కోనసీమవారికి ఉత్తరం వ్రాసే అలవాటు ఇంకా పోలేదు. అది మా అదృష్టం. ఉత్తరాలన్నిటి సారమూ ఒక్కటే: "మా పిల్లలను ఏ గ్రూపులో చేర్చమంటారు?"

మొన్న వచ్చిన ఉత్తరం ఒకటి నా బల్లమీద ఉన్నది. వ్రాసినవారు కొత్తపేట దగ్గర ఒక పల్లెలో కొబ్బరితోట గల గృహస్థు. అక్షరాలు గుండ్రంగా, ఓపికగా ఉన్నవి. "అయ్యా, మా అమ్మాయికి పదవ తరగతిలో లెక్కలలో మంచి మార్కులే వచ్చినవండి. జీవశాస్త్రంలోనూ వచ్చినవి. అమ్మాయి ఎమ్.పి.సి. అంటున్నది. దాని మేనమామగారు ఆడపిల్లకు బై.పి.సి. మేలంటున్నారు. కాలేజీల పి.ఆర్.ఓ.లు రోజూ ఇంటికి వచ్చి ఎవరికి తోచినది వారు చెప్పి పోతున్నారు. వారం రోజులలో తేల్చవలసి ఉన్నది. తమరు ఏదో ఒకటి చెప్పవలెను." ఇదీ ఉత్తరం.

ఏదో ఒకటి చెప్పడం తేలికే. కాని ఆ అమ్మాయిని నేను చూడలేదు. లెక్క తెగనప్పుడు ఆమె పుస్తకం మూసివేస్తుందో, అన్నం దగ్గర కూర్చుని కూడా దానినే ఆలోచిస్తుందో నాకు తెలియదు. కనుక ఏ గ్రూపు అన్నది చెప్పను. నిర్ణయం చేయబోయే ఇంటిలో ఏయే సంగతులు ముందుగా తెలిసి ఉండవలెనో, అవి మాత్రం చెబుతాను.

ఈ చిక్కు నేటిది కాదు. 1960లలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలలలో చదివిన పెద్దలు ఎవరైనా వింటూ ఉంటే, "జనరల్ లెక్కలు", "కాంపోజిట్ లెక్కలు" అనే మాటలు చెవిని పడగానే చిన్నగా నవ్వుకొంటారు. అప్పటి హైస్కూలులో పై తరగతులకు వచ్చేసరికి పిల్లలను రెండు త్రోవలుగా విడదీసేవారు. జనరల్ లెక్కలంటే లోకవ్యవహారానికి సరిపడే గణితం. కాంపోజిట్ అంటే బీజగణితం, రేఖాగణితం నిండుగా ఉన్నది. కాంపోజిట్ చదివినవారు పి.యు.సి.లో లెక్కల గ్రూపు తీసికొనగలరు. జనరల్ చదివినవారు తీసికొనలేరు. పదమూడు పద్నాలుగేళ్ళ వయస్సులో జరిగిపోయే ఈ సంగతి చాలా ఇండ్లలో ఎవరికీ తెలిసేది కాదు. "జనరల్" అనే మాటలో ప్రమాదమేమీ వినిపించదు కదా! తేలికగా ఉంటుందని తీసికొనేవారు. కాలేజీలో దరఖాస్తు ఇవ్వబోయిననాడు గుమాస్తా కళ్ళజోడు సవరించుకొని, "నీకు లెక్కల గ్రూపు రాదు నాయనా" అనేవాడు. జరిగినది అప్పుడు తెలిసేది.

అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసినది 1951లో. అంతకుముందు ఈ సీమ పిల్లలు కాలేజీ చదువుకు గోదావరి పాయలు దాటి రాజమండ్రికో కాకినాడకో పోవలసినదే. కాలేజీ ఊరిలోకి వచ్చినది గాని, త్రోవలు విడిపోయే చోటు హైస్కూలులోనే ఉండిపోయినది. తరువాత పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చినది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడినది. పదవ తరగతివరకు అందరికీ ఒకే గణితం అయినది. విడిపోయే చోటు రెండేళ్ళు ముందుకు జరిగినది, అంతే.

అయితే పాత చీలిక వేరొక పేరుతో కొన్ని బడులలోకి తిరిగి వచ్చినది. కేంద్ర బోర్డువారు, అంటే సి.బి.ఎస్.ఇ.వారు, 2020 పరీక్షలనుండి పదవ తరగతి గణితానికి "స్టాండర్డు", "బేసిక్" అని రెండు ప్రశ్నపత్రాలు పెట్టారు. పుస్తకం ఒక్కటే, పాఠాలు ఒక్కటే. పరీక్ష మాత్రం ఒకటి కఠినం, ఒకటి సులభం. బేసిక్ వ్రాసినవారికి పదకొండవ తరగతిలో గణితం తీసికొనడానికి అడ్డు పెట్టారు. నడుమ కొన్ని సంవత్సరాలు ఆ అడ్డును సడలించారు కూడా. ఆ బడులలో పిల్లలున్నవారు ఆ యేటి నిబంధన స్వయంగా చదివి చూచుకొనవలెను. "బేసిక్" అనే మాట కూడా "జనరల్" వలెనే మెత్తగా వినిపిస్తుంది.

ఇక మన రాష్ట్రపు ఇంటర్మీడియట్ మాట. గణితం, భౌతికం, రసాయనం కలిస్తే ఎమ్.పి.సి.; గణితానికి మారుగా జీవశాస్త్రం చేరితే బై.పి.సి. గణితంతో అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం చేరితే ఎమ్.ఇ.సి. గణితం లేకుండా సి.ఇ.సి., హెచ్.ఇ.సి. ఉన్నవి. ఇవి మీకు తెలిసినవే. తెలియనిది, లేదా తెలిసీ మనస్సుకు పట్టనిది, ఒక్కటి ఉన్నది: ఈ గ్రూపుల తలుపులన్నీ ఒకే తీరుగా మూసుకొనవు.

ఎమ్.పి.సి. చదివినవారికి వైద్యం, పశువైద్యం, వ్యవసాయ పట్టం వంటివి దూరమవుతవి. అది నిజమే, దాచవలసిన పని లేదు. కాని ఆర్థికశాస్త్రం, వాణిజ్యం, న్యాయశాస్త్రం, సాహిత్యం, చరిత్ర వారికి దూరం కావు. లెక్కలు వచ్చినవారు లెక్కలు లేని చోటికి ఎప్పుడైనా పోవచ్చును. లెక్కలు వదలినవారు లెక్కలు కావలసిన చోటికి పోదామంటే దారి ఇరుకు. ఇంజనీరింగు సరేసరి, వాస్తుశిల్పం, గణాంకశాస్త్రం, పై స్థాయి ఆర్థికశాస్త్రం, ఓడల చదువు, విమానాల చదువు అన్నిటికీ గుమ్మంలో గణితమే కూర్చుని ఉంటుంది. జాతీయ రక్షణ అకాడమీలో నౌకాదళానికి, వైమానిక దళానికి పోదలచినవారు ఇంటర్ స్థాయిలో భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండవలెను. ఆ అకాడమీలో 2022 నుండి ఆడపిల్లలు కూడా శిక్షణ పొందుతున్నారు. మేనమామగారు ఈ మాట గమనించవలెను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇది మా ఇంటిలో జరిగిన కథ. మాది రాజోలు వైపు పల్లె. మా అక్క నాకంటె నాలుగేళ్ళు పెద్ద. లెక్కలలో ఆమె చేయి వేగం. మా నాన్నగారు కొబ్బరికాయల వర్తకునితో లెక్క చూచుకొనేటప్పుడు అక్కను పక్కన కూర్చోబెట్టుకొనేవారు. ఆయన కాగితం తీసేలోపల అక్క మొత్తం చెప్పేసేది. ఆమె పదవ తరగతి ప్యాసయినది 1992లో. మా పెదనాన్నగారు వచ్చి, "ఆడపిల్లకు బై.పి.సి. అయితే డాక్టరవుతుంది, కాకుంటే టీచరవుతుంది. లెక్కలు చదివి ఏ వంతెనలు కడుతుంది?" అన్నారు. మా నాన్నగారు అన్నగారి మాటకు ఎదురు చెప్పే మనిషి కారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు. అక్కను అడిగినవారు లేరు. నేను పన్నెండేళ్ళవాడిని, నాకు ఆ సాయంత్రం అక్క ముఖం కంటె పెదనాన్నగారు తెచ్చిన పూతరేకులే బాగా జ్ఞాపకం. ఇప్పుడు చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నది.

అక్కకు వైద్య విద్యలో సీటు రాలేదు. డిగ్రీ జీవశాస్త్రాలతో పూర్తి చేసినది. బి.ఇడి. చేయబోయిననాడు గణితం బోధించే పద్ధతిని ఎంచుకొంటానన్నది. డిగ్రీలో గణితం లేదు కనుక వీలుకాదన్నారు. జీవశాస్త్రం పంతులమ్మ అయినది, మంచి పంతులమ్మే అయినది. కాని ఈనాటికీ సాయంత్రమయ్యేసరికి వాళ్ళ వీధిలోని పిల్లలు లెక్కల పుస్తకాలు పట్టుకొని ఆమె అరుగుమీదకు చేరుతారు. బడిలో చెప్పే అర్హత లేని పాఠం అరుగుమీద చెబుతున్నది.

అంతమాత్రాన అందరూ ఎమ్.పి.సి.లో చేరండని నేను చెప్పడం లేదు. అది రెండవ పొరపాటు. నేడు మన వైపు ఎక్కువగా జరుగుతున్నదీ అదే. లెక్కలంటే మనస్సు పోని పిల్లవాడిని, ఎదురింటివారి అబ్బాయి కంప్యూటరు చదివి విదేశం వెళ్ళాడు కనుక, ఎమ్.పి.సి.లోకి తోస్తారు. అతడు రెండేళ్ళు సూత్రాలు బట్టీపట్టి, కలనగణితం రాగానే చేతులెత్తేస్తాడు. పదవ తరగతి గణితానికీ ఇంటర్ గణితానికీ నడుమ ఉన్నది మెట్టు కాదు, ఏటిగట్టు. పదవ తరగతిలో నమూనా లెక్కలు చూచి వ్రాసి నూటికి తొంబై తెచ్చుకొనవచ్చును. ఆ తరువాత అది సాగదు.

లెక్కల భయంతో బై.పి.సి.కి పోవడం మూడవ పొరపాటు. ఈ ఒక్క సంగతి అంకెలతో చెబుతాను, ఉత్తరం వ్రాసినవారు వ్రాసుకొనండి. వైద్య విద్యా ప్రవేశానికి దేశమంతటా జరిగే నీట్ పరీక్ష మొత్తం 720 మార్కులకు. 2025లో 180 ప్రశ్నలు ఇచ్చారు: జీవశాస్త్రం 90, భౌతికం 45, రసాయనం 45. అనగా సగం పరీక్ష జీవశాస్త్రం కానేకాదు. వేగాలు, బలాలు, విద్యుత్ ప్రవాహాలు, ద్రావణాల గాఢతలు, ఇవన్నీ లెక్కలే. మన రాష్ట్రపు ఎప్‌సెట్‌లో కూడా వ్యవసాయ, ఫార్మసీ విభాగంలో 160 ప్రశ్నలకు 80 మాత్రమే వృక్ష, జంతుశాస్త్రాలు. తక్కినవి భౌతిక రసాయనాలు. ఇంజనీరింగు విభాగంలో 80 గణితం. కాబట్టి బై.పి.సి. అనేది లెక్కలనుండి పారిపోయేవారికి దాగుడుమూతల చోటు కాదు. గణితం అనే పత్రం ఉండదు, గణితం ఉంటుంది.

బై.పి.సి. ప్రేమతో తీసికొనవలసిన చదువు. వైద్యుడు కావడం ఒక్కటే దాని ఫలమని ఎవరన్నారు? మీ తోటలోనే చూడండి. సర్పిలాకార తెల్లదోమ అనే పురుగు మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కనబడినది. కొద్ది కాలానికే కోనసీమ కొబ్బరి తోటలలో దిగినది. ఆకుల అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తీపి జిగురు కింది ఆకులమీద పడి, దానిమీద నల్లని మసి బూజు పెరుగుతుంది. చెట్టంతా బొగ్గు పూసినట్లవుతుంది. మందు కొడదామంటే అంత ఎత్తు చెట్టుకు కొట్టడం కష్టం. కొట్టినా ఆ పురుగును తినే మేలు పురుగులు కూడా చస్తవి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానంవారు ఏమి చేశారు? ఆ దోమకు జబ్బు చేయించే ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించారు. ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కందిరీగను కాపాడుకొనమని చెప్పారు. కందిరీగ అంటున్నాను గాని అది కంటికి సరిగా ఆనదు. అది తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల ఆ దోమను లోపలినుండి తినివేస్తుంది. ఈ పని చేసినవారు జీవశాస్త్రం చదివినవారే. మెడలో స్టెతస్కోపు లేదు, అంతే తేడా.

రసాయనశాస్త్రాన్ని గురించి ఎవరూ పోట్లాడరు. అది రెండు గ్రూపులలోనూ ఉన్నది, రెంటిలోనూ నిర్లక్ష్యానికి గురి అవుతున్నది. నాకు దానిమీద గౌరవం కలిగిన రోజు చెబుతాను. 1995 జనవరి 8వ తేదీన పాసర్లపూడిలో చమురు సహజవాయు సంస్థ తవ్వుతున్న బావి పేలి అంటుకొన్నది. 65 రోజులు మండినది. రాత్రివేళ మా ఊరినుండి చూస్తే ఆ దిక్కు ఆకాశం ఎర్రగా, తెల్లవారబోతున్నట్లు ఉండేది. కోళ్ళు వేళ కాని వేళ కూసేవి. అప్పుడు మా బడిలో భౌతిక రసాయనాల మాస్టారు ఒకరు బల్లమీద మీథేను దహన సమీకరణం వ్రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, "ఒరే, ఇది పాసర్లపూడిరా" అన్నారు. ఒక కార్బను, నాలుగు హైడ్రోజనులు, గాలిలో ఉన్న ప్రాణవాయువు; బొగ్గుపులుసు వాయువు, నీరు, మిగిలినది వేడి. అంత పెద్ద మంట ఆ ఒక్క పంక్తిలో ఇమిడిపోయినది. ఆ రోజువరకు సమీకరణాలు పరీక్షకోసం పుట్టినవనుకొన్నాను. తరువాత నేను ఎమ్.పి.సి.లో చేరి రసాయనశాస్త్రంలో పట్టం పుచ్చుకొని, చివరకు రేడియోలో మాట్లాడే మనిషిని అయ్యాను. చదివిన గ్రూపు జీవితాన్ని పూర్తిగా శాసిస్తుందనుకొనేవారికి నేనే సమాధానం.

సరే, పిల్లల మనస్సు ఎటు పోతున్నదో తెలిసికొనడం ఎట్లాగు? మార్కుల పట్టీ కొంత చెబుతుంది. మన పదవ తరగతిలో భౌతిక రసాయనాలకు ఒక పత్రం, జీవశాస్త్రానికి వేరొక పత్రం ఉన్నవి కనుక రెంటినీ విడదీసి చూడండి. "సైన్సులో మంచి మార్కులు" అని కలిపి చెప్పుకొనకండి. కాని మార్కులకంటె మంచి పరీక్షలు మీ పెరటిలోనే ఉన్నవి. నేను మూడు చెబుతాను. ఏ ఫీజూ లేదు.

మొదటిది. చెట్టెక్కకుండా కొబ్బరిచెట్టు ఎత్తు చెప్పమనండి. పిల్లవాడు ఒక మీటరు కర్రను పాతి దాని నీడను, చెట్టు నీడను కొలిస్తే చాలు. కర్ర నీడ 60 సెంటీమీటర్లు, చెట్టు నీడ 9 మీటర్లు ఉన్నదనుకొందాము. చెట్టు 15 మీటర్లు. ఇది సరూప త్రిభుజాల పాఠం, పదవ తరగతిలో ఉన్నదే. మీరు చూడవలసినది జవాబు కాదు. ఆ పాఠాన్ని పుస్తకంలోనుండి పెరటిలోకి తనంత తాను తెచ్చుకొన్నాడా? రాకపోతే విసుక్కొన్నాడా, మరునాడు మళ్ళీ అడిగాడా? గన్నవరంలో వైనతేయ నదిమీదుగా కాలువను దాటించిన పాత అక్విడక్టు ఉన్నది కదా, 19వ శతాబ్దిలో కట్టినది, 49 కమానులది, "నదిమీద కాలువ ఎట్లా పారుతుంది, ఎంత వాలు ఉండవలె?" అని ఏనాడైనా అడిగిన పిల్లయితే ఆమెను లెక్కలనుండి తప్పించకండి, పాపం చుట్టుకొంటుంది.

రెండవది. చలికాలం ఉదయాన కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, పక్కనే ఉన్న నువ్వులనూనె గడ్డకట్టదు. ఎందువల్ల? కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. దానిలోని కొవ్వు ఆమ్లాలలో హెచ్చుభాగం సంతృప్తమైనవి, తిన్నని గొలుసులుగా ఒకదానిపక్క ఒకటి ఒత్తుగా పేరుకొంటవి. నువ్వులనూనెలో గొలుసులకు వంకరలు ఉన్నవి, అవి ఒదగవు. జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. తెలిసికొనేదాకా నిద్రపట్టని బిడ్డ రసాయనశాస్త్రం బిడ్డ.

మూడవది. మామిడి మొద్దును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తవి. కొబ్బరి మొద్దులో కనిపించవు. పైన బెరడుమీద ఉన్న వలయాలు రాలిపోయిన ఆకుల మచ్చలు మాత్రమే. మామిడిలో బెరడు లోపల ఏటేటా కొత్త కొయ్యను పేర్చే పలుచని పొర ఒకటి ఉన్నది; కొబ్బరిలో అది లేదు. అందుకే కొబ్బరిచెట్టు పొడుగు పెరుగుతుందేగాని మామిడివలె లావు కాదు. ఈ తేడాను ఎవరూ చెప్పకముందే కనిపెట్టి వచ్చి అడిగిన పిల్లవాడున్న ఇంట బై.పి.సి. అనే మాట ధైర్యంగా అనవచ్చును.

రెండూ ఇష్టమైన పిల్లలున్నారు. ఉత్తరంలోని అమ్మాయి ఆ కోవకు చెందినదే కావచ్చు. వారికి ఒక కొత్త సౌకర్యం వచ్చినది. 2025-26 విద్యాసంవత్సరంనుండి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్‌లో జాతీయ పరిషత్తువారి, అంటే ఎన్.సి.ఇ.ఆర్.టి.వారి, పాఠ్యాంశాలు ప్రవేశపెట్టారు. గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎమ్.బై.పి.సి. అనే గ్రూపు కూడా వచ్చినది. మంచిదే. కాని దీనిని "రెండు పరీక్షలకూ ఒకే టిక్కెట్టు" అని బేరసారంగా చూడవద్దని మనవి. బరువు నిజంగానే రెట్టింపు. రెండింటిమీదా ఆకలి ఉన్నవారికి అది విందు. ఏదీ తేల్చుకొనలేనివారికి శిక్ష.

పదవ తరగతి తరువాతనే పాలిటెక్నిక్‌లో చేరి డిప్లొమా చేసి, ఆ మీదట ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో ప్రవేశించే త్రోవ ఒకటి ఉన్నది. చేతి పనిమీద మక్కువ ఉన్నవారికి దానిని చిన్నచూపు చూడకండి. 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐ.టి.లు పదవ తరగతి మార్కులమీదనే ఆరేళ్ళ చదువుకు తీసికొంటవి. ఇవి రెండూ గణితపు త్రోవలే.

ఇక చేర్చే కాలేజీని గురించి ఒక్క సలహా. ఆవరణ, ఏ.సి. గదులు, గోడలమీద ర్యాంకుల బొమ్మలు చూపిస్తారు. మీరు ప్రయోగశాల చూపించమనండి. తాళం తీసేవానికోసం అరగంట వెదికితే సంగతి అర్థమయినట్లే. బ్యూరెట్టుల మీద దుమ్ము ఉన్నదా, సూక్ష్మదర్శినిలో కన్ను పెడితే ఏమైనా కనిపిస్తుందా చూడండి. ఇంకొక ప్రశ్న: మొదటి మూడు నెలలలో పిల్లకు గ్రూపు సరిపడకపోతే మార్చుకొనడానికి వీలిస్తారా, కట్టిన రుసుము మాట ఏమిటి? దీనికి సూటిగా జవాబు చెప్పని చోట తొందరపడి డబ్బు కట్టకండి. పదిహేనేళ్ళ పిల్లను దూరపు వసతిగృహానికి పంపేవారు, వారానికొకసారి "మార్కులెన్ని?" అని కాక, "ఏ పాఠం అర్థం కాలేదు?" అని ఫోనులో అడగండి. పిల్ల గొంతులోనే తెలుస్తుంది.

మన వైపు అనేక ఇండ్లవారికి మనుమలు, మనుమరాండ్రు అమెరికాలో ఉన్నారు. అక్కడ గ్రూపులు లేవు కనుక ఈ బెడద లేదని మనం అనుకొంటాము. అక్కడ గణితం గొలుసుకట్టుగా సాగుతుంది: బీజగణితం, రేఖాగణితం, మళ్ళీ బీజగణితం, ఆపైన కలనగణితానికి సన్నాహం, ఆపైన కలనగణితం. సామాన్యంగా ఎనిమిదవ తరగతిలో బీజగణితం మొదలుపెట్టిన బిడ్డ పన్నెండవ తరగతికి కలనగణితాన్ని అందుకొంటుంది; మొదలుపెట్టనిది చాలాచోట్ల అందుకొనలేదు. అక్కడా తలుపు చప్పుడు లేకుండానే మూసుకొంటుంది. 1960లలో మిసిసిపీలో నల్లజాతివారి ఓటుహక్కుకోసం పనిచేసిన రాబర్ట్ మోజెస్ అనే ఆయన ఉండేవారు. తన కూతురి బడిలో ఎనిమిదవ తరగతికి బీజగణితం లేదని చూచి, తానే పోయి చెప్పడం మొదలుపెట్టారు. అది 1982లో "ఆల్జీబ్రా ప్రాజెక్టు" అనే పెద్ద ఉద్యమమయినది. ఓటువలెనే బీజగణితం కూడా పౌరుని హక్కని ఆయన వాదన. ఒక తండ్రి కూతురికోసం మొదలుపెట్టిన పని అది. కొత్తపేట తండ్రిగారు ఉత్తరం వ్రాయడం కూడా చిన్న పనేమీ కాదు.

2025లో పదవ తరగతి ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చినవి. ఆపైన తరగతులు మొదలయ్యేదాకా వేసవి ఉన్నది. "ఇవాళ కడితే రాయితీ" అన్న మాటకు లొంగి ఆ వేసవిని వారం రోజులు చేసికొనవద్దు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట: వశిష్ఠకు ఆవల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో ప్యాసయ్యారు. ఆయన వైద్యలోకానికి చేసిన మేలు తెలిసినదే.

కొత్తపేటవారికి విడిగా జవాబు వ్రాశాను. ఈ మూడు పరీక్షలూ చేయించమన్నాను. మేనమామగారిని కూడా పెరటిలోకి పిలవమన్నాను. అమ్మాయి కోరినది ఎమ్.పి.సి. అయితే ఆ కోరిక ఎక్కడినుండి పుట్టినదో ఆమెనే అడగమన్నాను. స్నేహితురాలు చేరుతున్నదని అంటే ఇంకో వారం ఆగమన్నాను, నీడ కొలవడానికి తానే కర్ర తెచ్చుకొంటే మరి ఆగవద్దన్నాను.

నిన్న రాత్రి ఈ ప్రసంగ పాఠం మా అక్కకు ఫోనులో చదివి వినిపించాను. తన కథ వచ్చిన చోట ఏమీ అనలేదు. కొబ్బరిచెట్టు లెక్క దగ్గర మాత్రం ఆపినది. "ఒరే తమ్ముడూ, నేల చదునుగా ఉండాలని చెప్పావా?" అన్నది. చెప్పలేదు. చెబుతున్నాను. నేల చదునుగా ఉండవలెను. కర్ర నిటారుగా ఉండవలెను, చెట్టు వాలిన చెట్టు కాకూడదు. రెండు నీడలూ ఒకే సమయంలో కొలవవలెను.